పడవ అద్దం మీద పసుపు మరక

మా ఇంట్లో పడవ అద్దాలు మార్చే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే లాక్కున్నాను. అన్నయ్య ఇంజిను చప్పుడు విని దాని రోగమేమిటో చెప్పగలడు గానీ, చేతికి స్క్రూడ్రైవరు ఇస్తే స్క్రూ తల అరిగిపోయేదాకా బిగించి గానీ వదలడు. ప్లాస్టిక్ అద్దానికి ఆ మోటుతనం పనికిరాదు. దానికి నాలాంటి చాదస్తుడు కావాలి. గీసిన గీత వెంట్రుకవాసి పక్కకి పోతే ఆ పూట అన్నం సయించని మనిషిని నేను. "మరిదిగారూ, మీరు పెళ్ళిచూపులకి కూడా స్కేలు పట్టుకుని వెళ్ళుంటారు" అని మా వదిన ఏడిపించేది. ప్లాస్టిక్ అని తెలిసినా మేమంతా దాన్ని అద్దం అనే అంటాం. గాజుకీ దానికీ ఉన్న తేడా మా ఇంట్లో నాకొక్కడికే పట్టేది.

అలా నేను చేసిన అద్దాల్లో ఒకదాని వల్ల ఒక మనిషి చచ్చిపోయాడని రెండేళ్ళు నమ్మాను. ఆ నింద అన్నయ్య మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. అన్నయ్య పడవ ఎక్కడం మానేశాడు. నలుగురిలో కూర్చోవడం మానేశాడు. చేపల చెరువులున్న ఇంట్లో ఉండి, కంచంలో చేప ముక్క వేస్తే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. నేను ఒక్క మాట చెబితే ఆ బరువులో సగమైనా దిగుతుందని నాకు తెలుసు. చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ చెప్పని రెండేళ్ళ గురించీ, చివరికి చెప్పిన రోజు గురించీ.

మా ఊరు కొల్లేటికి పడమటి గట్టున, ఏలూరు వైపు ఉంది. వరి చేలు ఊరి చుట్టూ ఉంటే, నాన్న చివరి రోజుల్లో తవ్వించిన చెరువులు తూర్పున, నీళ్ళకి అవతల ఉన్నాయి. రోడ్డు మీద వెళ్ళాలంటే పెద్ద చుట్టు. వానాకాలం తమ్మిలేరు, బుడమేరు ఒక్కసారి పొంగితే ఆ రోడ్డు కూడా ఉండదు. అందుకని ఒక ఫైబర్ పడవ కొన్నాం. వెనక ఇంజిను, నడుమ చేపల మేత బస్తాలు, ముందు స్టీరింగు దగ్గర ఒక మనిషి కూర్చునేంత చిన్న గది. ఆ గదికి ఎదురుగా ఒక అద్దం. రెండు పక్కలా పల్చటి ప్లాస్టిక్ తెరలు. వాన వస్తే దింపుకుంటాం, లేకపోతే చుట్టి పైకి కట్టుకుంటాం.

పడవతో వచ్చిన అద్దం రెండు ఎండాకాలాలకే పచ్చబడి మసకేసింది. ఏలూరులో కిటికీలు చేసే మేస్త్రీ మామూలు గాజు బిగించి పెట్టాడు. నెల తిరక్కుండానే పడవ గట్టుకి తగిలింది, ఆ అదురుకి గాజు పగిలి ముక్కలు అన్నయ్య ఒళ్ళో పడ్డాయి. అప్పుడు నేను రంగంలోకి దిగాను.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ దాటాక ఒక సందులో యాక్రిలిక్ షీట్లు అమ్మే కొట్టుంది. షాపులకి బోర్డులు చేసేవాళ్ళంతా అక్కడే కొంటారు. యజమాని వ్యాపారంలో తలపండిన మనిషి. పడవకని చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకుని నా వంక చూశారు.

"పడవకాండీ? అయితే మూడు ఎంఎం వద్దండి, ఐదు తీసుకోండి. మీరే కోసుకుంటారా? ఆయ్, కోసుకోవచ్చండి, బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే ఒక్క మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. దీనికి థిన్నరు గానీ పెట్రోలు గానీ తగలనివ్వకండి. తుడిచినప్పుడు బ్రహ్మాండంగా మెరుస్తుందండి, చూసుకుని మనం మురిసిపోతాం. కొన్నాళ్ళు పోయాక లోపల్లోపలే సన్నగా పగుళ్ళు పుడతాయి. అప్పుడింక ఎవరం ఏమీ చెయ్యలేమండి."

నేను తలాడించాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదని అనడానికి వీల్లేదు. ఆ మనిషి గొంతు, కళ్ళజోడు తుడిచిన గుడ్డ రంగు కూడా నాకు గుర్తున్నాయి.

పని నేర్చుకునేలోపు రెండు షీట్లు తగలేశాను. పాత అద్దం ఉంటే దాన్నే కొత్త షీటు మీద పరిచి చుట్టూ గీసుకోవచ్చు. మాది పగిలిపోయింది కనక టీవీ వచ్చిన అట్టపెట్టె విప్పి, చట్రంలో పెట్టి, కత్తిరించి, మళ్ళీ పెట్టి చూసి, అచ్చు తయారు చేశాను. షీటుకి రెండు వైపులా అంటించి ఉన్న కాగితం చివరిదాకా ఒలవకూడదు. తిన్నటి అంచులైతే ఇనప స్కేలు ఆనించి కొక్కెం లాంటి బ్లేడుతో పది పన్నెండు సార్లు గీరాలి. ఆ గీతని బల్ల అంచు మీదకి తెచ్చి ఒక్కసారి నొక్కితే టక్కున విరుగుతుంది. మూలలు గుండ్రంగా రావాలంటే సన్న పళ్ళ రంపం మిషను కావాలి. అది జోరుగా తిప్పితే ప్లాస్టిక్ వేడికి కరిగి, కోసిన చోటే మళ్ళీ అతుక్కుపోతుంది. మొదటి షీటు అలా పోయింది. రెండోది డ్రిల్లు దగ్గర పోయింది. స్క్రూ ఎంత లావుందో రంధ్రం అంతే పెట్టాను. మధ్యాహ్నం ఎండకి షీటు సాగింది. సాగడానికి చోటు లేక రంధ్రం దగ్గర్నించి అంచు దాకా చీలింది. రంధ్రం కాస్త వదులుగా ఉండాలనీ, స్క్రూ ఆనాలి గానీ నొక్కకూడదనీ, చుట్టూ రబ్బరు పట్టీ వేసి దాని మీద సిలికాన్ పెట్టాలనీ మూడో షీటుకి తెలిసింది.

మూడోదాన్ని బిగించి కాగితం ఒలిచిన రోజు నేను రేవులో నిలబడి దాన్ని చూసుకుంటూ ఉండిపోయాను. అటుగా తాటిదోనెలో వెళ్తున్న ఒక పెద్దాయన ఆగాడు. అవతలి లంకలో ఉండే జాలరి. వెదురు పుల్లలతో బుట్టల్లా అల్లిన మావులు నీళ్ళలో వరసగా గూటాలకి కట్టి, పొద్దున్నే వచ్చి వాటిలో పడ్డ చేపలు తీసుకుపోయేవాడు. మా చెరువులున్న చోట ఒకప్పుడు ఆయన మావులే ఉండేవని విన్నాను. ఆ ప్రస్తావన ఆయన ఎన్నడూ తేలేదు.

"పడవకి కళ్ళజోడెట్టారేంటండీ? దానికీ చత్వారమొచ్చిందా?" అన్నాడు.

"నీ దోనెకి కూడా ఒకటి చెయ్యమంటావా తాతా?"

"మాకెందుకండి బాబూ. మా దోనె ఎవర్నీ గుద్దేంత జోరుగా పోదు కదండీ" అని నవ్వుకుంటూ గెడ వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాటకి నేనూ నవ్వాను.

ఎంత జాగ్రత్తగా చేసినా కొల్లేటి ఎండకి ఏ అద్దమూ మూడేళ్ళకి మించి ఉండేది కాదు. నేను చెబుతున్నది నాలుగో అద్దం సంగతి. అది నా చేతుల్లో పుట్టిన వాటిలో అన్నిటికన్నా గొప్పది. దసరాకి ముందు వారం రోజులు కూర్చున్నాను. అంచులు తడిపిన గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేశాను. బిగించాక ఎదుట నిలబడితే అక్కడ అద్దం ఉన్నట్టే తెలిసేది కాదు. ఒక పిచ్చుక కూడా మోసపోయి గుద్దుకుంది. అది చూసి మా ఆవిడ పాపం అంటే నేను గర్వపడ్డాను, అదీ నా వరస.

ఆయుధపూజ నాడు వదిన ఎప్పటిలాగే ట్రాక్టరుకీ, మోటారుకీ, పడవకీ పసుపు, కుంకుమ పెట్టింది. వదినది పెంటపాడు. పుట్టింట్లో ధాన్యం కాటాకి కూడా బొట్టు పెట్టేవాళ్ళు. నీళ్ళతో కలిపితే ఎండకి రాలిపోతుందని పసుపుని నువ్వుల నూనెతో కలిపింది. స్టీరింగుకి ఒక బొట్టు పెట్టింది, ఇంజినుకి ఒకటి పెట్టింది, ఆపైన నా అద్దం నడిమధ్యన మూడు వేళ్ళతో మూడు అడ్డ పట్టీలు వేసి కుంకుమ అద్దింది. అక్కడే కర్పూరం వెలిగించింది. నేను వద్దనలేను, పండగ పూట. మళ్ళీ మూడు రోజుల దాకా పడవ తియ్యలేదు. ఎండకి ఆ నూనె పసుపు ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయింది.

సబ్బు నీళ్ళతో కడిగాను. పోలేదు. నిమ్మచెక్కతో రుద్దాను. పళ్ళపొడి కూడా వేశాను. మూడు పచ్చటి మరకలు అలాగే ఉన్నాయి. "ఉండనియ్యరా, అమ్మవారి బొట్టేగా" అన్నాడు అన్నయ్య. ఆ మరకలు ఆయన చూపుకి అడ్డం రాలేదు. నాకే కంట్లో నలుసులా ఉన్నాయి. రేవు వైపు పని లేకపోయినా వెళ్ళి వాటిని చూసి ఒళ్ళు మండించుకుని వచ్చేవాణ్ణి.

గేటుకి రంగు వేయించినప్పుడు మిగిలిన థిన్నరు సావిట్లో ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. గూడెం కొట్టాయన మాట నాకు గుర్తు రాకపోలేదు. గుర్తు వచ్చింది, దానికి సమాధానం కూడా తయారు చేసుకున్నాను: గుడ్డకి కాస్తే కదా, వెంటనే కడిగేస్తా కదా. మెత్తటి బనీను గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి తుడిచాను. నాలుగు చాల్లేదు, మళ్ళీ వేశాను. మరకలు పోయాయి. అద్దం కొత్తగా తీసిన దానికన్నా మెరిసింది. వదిన చూసి, "బొట్టు తుడిచేశారేంటండీ, మంచిది కాదు" అంది. "ఇంజినుకి ఉందిగా వదినా, నడిచేది అదే" అని జోకు వేశాను.

దీపావళి వెళ్ళిన రెండో రోజున స్క్రూల చుట్టూ మొదటి గీతలు చూశాను. వెంట్రుక కన్నా సన్నం. నీడలో కనబడవు. ఎండ ఎదురుగా పడితే మాత్రం ఒక్కసారిగా తెల్లగా లేస్తాయి. ఆ మర్నాటికి పసుపు పట్టీలున్న చోట కూడా లేచాయి. అద్దం తీసేసి మరొకటి చెయ్యాలని నాకు తెలుసు. కానీ కొత్తది ఎందుకురా అని అన్నయ్య అడుగుతాడు, థిన్నరు సంగతి చెప్పాలి, ఇన్నాళ్ళూ ఆయన మోటుతనాన్ని వెక్కిరించిన నేను నా పని నేనే పాడు చేశానని ఒప్పుకోవాలి. కోతలయ్యాక గూడెం వెళ్ళి షీటు తెస్తాను, ఎవరికీ తెలియకుండా మార్చేస్తాను అనుకున్నాను. అద్దానికి నేనిచ్చిన గడువు అది.

కార్తీకంలో ఒక పొద్దున అన్నయ్య ఒక్కడే మేత బస్తాలు వేసుకుని తూర్పుకి బయల్దేరాడు. నేను చేలో కోత మనుషుల దగ్గర ఉన్నాను. మా చేలోకి పడవ చప్పుడు బాగా వినబడుతుంది. అది దూరమవుతూ, దూరమవుతూ, పూర్తిగా వినబడకుండా పోవడానికి ముందే ఆగిపోయింది. అలా నీళ్ళ మధ్య ఆగడానికి కారణమేమీ లేదు. నేను కొడవలి పక్కన పడేసి రేవుకి పరిగెత్తాను.

ఎవరిదో పడవలో వెళ్ళేసరికి తాటిదోనె రెండుగా చీలి గుర్రపుడెక్కలో తేలుతోంది. దోనె తాడు మావుల గూటానికి చుట్టుకుపోయి ఉంది. అందుకే తప్పుకోలేకపోయాడని తర్వాత జాలర్లు చెప్పారు. మా పడవలో, మేత బస్తాల మీద, ఆ పెద్దాయన పడుకుని ఉన్నాడు. అన్నయ్య నిలువునా తడిసి, ఆయన తలని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. గట్టు చేరి కారులోకి ఎక్కించాం. ఏలూరు ఇంకా రాకముందే ఆయన పోయాడు. కారులో నేను ముందు సీట్లో ఉన్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

పోలీసులు వచ్చారు. "ఎదురెండ పడిందా?" అని వాళ్ళే అడిగారు. అన్నయ్య అవుననలేదు, కాదనలేదు. పక్కనున్న వాళ్ళు "ఈ రోజుల్లో పొద్దుటెండ సూటిగా కళ్ళలో కొడుతుందండీ" అన్నారు. అలాగే రాసుకున్నారు.

ఆ సాయంత్రం అందరూ లంకలోకి వెళ్ళినప్పుడు నేను రేవుకి వెళ్ళాను. పడవ ముక్కు పడమటికి తిరిగి ఉంది, పొద్దు ఎదురుగా ఉంది. అన్నయ్య కూర్చునే చోట కూర్చుని అద్దంలోంచి చూశాను. ఏమీ కనబడలేదు. అద్దమంతా తెల్లటి జాలీ అయిపోయింది. రేవు మెట్ల మీద ఒక ఆవు నిలబడి ఉంది. అది అరిస్తే గానీ అక్కడ ఉందని తెలియలేదు. నేను గబగబా స్క్రూలు ఊడదీశాను. అద్దాన్ని గోనెసంచిలో చుట్టి సావిట్లో అటక మీద దాచాను. గుద్దినప్పుడు పగిలిందని ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. అడగకపోయినా నాలుగైదుగురికి నా అంతట నేనే చెప్పాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే అదే.

పెద్దకర్మ రోజున మేమిద్దరం లంకకి వెళ్ళాం. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. పెద్దగా ఏడవలేదు. అన్నయ్య వంక చూసి, "మా ఆయన మీకు కనబడలేదా బాబూ?" అని మాత్రం అడిగింది. నిందలాగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అన్నయ్య తల దించుకున్నాడు. నేను అన్నయ్య పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాను. కనబడలేదమ్మా, కనబడకుండా చేసింది నేను అని నోటిదాకా వచ్చింది.

ఆ తర్వాత నాకు ఎక్కడ చూసినా ఆ గీతలే. ఏలూరు బస్సులో డ్రైవరు వెనక కూర్చుంటే, ముందద్దం మీద ఎండ పడినప్పుడల్లా లేచి వెనక సీట్లోకి పోయేవాణ్ణి. ఎవరి ఫోను అద్దం పగిలి ఉన్నా చూడలేకపోయేవాణ్ణి. నా కళ్ళజోడు పగిలిపోయిందనుకుని రెండుసార్లు మార్చాను, రెండుసార్లూ దానికేమీ కాలేదు. మధ్యాహ్నాలు ఇంట్లో వాళ్ళు పడుకున్నప్పుడు అటక ఎక్కి గోనెసంచి విప్పి చూసేవాణ్ణి. పెంకు సందుల్లోంచి పడే ఎండలో దాన్ని పైకెత్తి పట్టుకునేవాణ్ణి. పగుళ్ళ వెనక ఒక మనిషి ఆకారం నిలబడేది. నా నీడే అని తెలుసు. తెలిసినా, తాతా అని పిలిచాను ఒకసారి. నా గొంతు నాకే వినబడి భయమేసి దిగిపోయాను.

ద్వారకా తిరుమల వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చాను. స్వామికి మొత్తం చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం సులువు, ఆయన మా అన్నయ్యకి చెప్పడు కదా.

అన్నయ్య మాత్రం రోజురోజుకీ తగ్గిపోయాడు. పడవని గట్టు మీదకి లాగించి టార్పాలిన్ కప్పించాడు. చెరువుల పని రోడ్డు మీదుగా నేనే చూసుకునేవాణ్ణి. ఆయన అరుగు మీద, నీళ్ళ వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. "మరిదిగారూ, మీ మాటైతే వింటారు, కాస్త మాట్లాడించండీ" అని వదిన కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నేను వెళ్ళి పక్కన కూర్చుని ధాన్యం రేటు గురించి మాట్లాడేవాణ్ణి. ఆయన ఊఁ కొట్టేవాడు. నిజం చెబితే ఈ మనిషి లేచి నిలబడతాడు, కానీ నా మొహం చూడడు. ఈ రెండిటి మధ్య నేను రెండో దాని గురించే ఎక్కువ ఆలోచించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

ఈ ఏడు వానలకి అవతలి రోడ్డు కొట్టుకుపోయింది. చెరువుల్లో చేపలకి మేత అందక నాలుగు రోజులైంది. ఐదో రోజు పొద్దున అన్నయ్య తనంతట తనే వచ్చి, "పడవ దింపాలిరా. అద్దం చెయ్యి" అన్నాడు. రెండేళ్ళలో ఆయన నాకు చెప్పిన మొదటి పని అది. నేను తాడేపల్లిగూడెం వెళ్ళి షీటు తెచ్చాను. కొట్టాయన "పాతదానికేమైందండీ?" అని అడిగితే "ముసలిదైపోయిందండీ" అన్నాను.

ఇంటికొచ్చి చూస్తే అట్ట అచ్చుని చెదలు తినేసింది. మళ్ళీ అచ్చు చేసే వ్యవధి లేదు, కొలతలకి మిగిలింది ఒక్కటే. అటక ఎక్కి గోనెసంచి దింపాను. సావిట్లో బల్ల మీద కొత్త షీటు పరిచి, దాని మీద ఆ అద్దాన్ని పెట్టి, పెన్సిలుతో చుట్టూ గీస్తుంటే అన్నయ్య లోపలికి వచ్చాడు. బల్ల దగ్గర ఆగాడు. అద్దాన్ని రెండు చేతులా తీసుకుని గుమ్మంలో ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. గీతలన్నీ తెల్లగా లేచి, వాటి నీడ ఆయన మొహం మీద పడింది.

ఇక దాచడానికి నా దగ్గర చోటు లేకపోయింది.

"అన్నయ్యా, దాన్ని నేను థిన్నరుతో తుడిచాను. వదిన పెట్టిన పసుపు పోలేదని. తుడవకూడదని నాకు తెలుసు. గీతలు పడ్డం కూడా ముందే చూశాను. నీకు చెప్పలేదు. ఆ రోజు నీకు ఆయన కనబడకపోవడం నీ తప్పు కాదు, నాది."

అన్నయ్య అద్దాన్ని దించలేదు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు తుడిచిన రోజున పడవంతా థిన్నరు వాసనేసింది. గీతలు నాకూ కనబడ్డాయి. ఎదురెండలో దీంట్లోంచి ఏం కనబడదు. అందుకే పక్క తెర పైకి కట్టేసి, తల బయటపెట్టి నడిపేవోణ్ణి. నీకు చెబితే అన్నం మానేసి కూర్చుంటావని ఊరుకున్నాను."

నాకు అర్థం కాలేదు. "మరి ఆ రోజు?" అన్నాను.

"ఆ రోజూ అంతేరా. తల బయటే ఉంది." అద్దాన్ని బల్ల మీద పెట్టాడు. "కనబడ్డాడు. మావుల దగ్గర దోనెలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. రోజూ పెట్టే దణ్ణమే అనుకున్నాను. నేనూ చెయ్యెత్తాను. పక్కకి తప్పుకుంటాడులే అనుకున్నాను, వాళ్ళు ఎప్పుడూ తప్పుకుంటారుగా. ఇంకా దగ్గరికెళ్ళాక రెండు చేతులూ ఎత్తి ఊపాడు. ఏంటీ, ఇవాళ ఇంత పెద్ద దణ్ణం పెడుతున్నాడు అనుకుని నవ్వాను కూడా."

బయట కోళ్ళు ధాన్యం దగ్గర రాద్ధాంతం చేస్తున్నాయి. వదిన వాటిని అదిలిస్తోంది.

"ఎండన్నారు, నేను కాదనలేదు. వాళ్ళావిడ అడిగింది, నేను చెప్పలేదు" అన్నాడు.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఎన్నిసార్లు నేనూ ఆ పడవ నడిపానో, ఎన్ని దోనెలు నన్ను చూసి గుర్రపుడెక్కలోకి తప్పుకున్నాయో, ఒక్కసారైనా ఇంజిను తగ్గించానో లేదో అప్పుడే గుర్తు రావాలి. అవన్నీ తర్వాత వచ్చాయి. ఆ క్షణంలో మాత్రం గుండె మీది బండ దిగినట్టయి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. నా అద్దం వల్ల కాదు. అదీ నాకు తోచిన మొదటి మాట. అన్నయ్య నా మొహం వంకే చూస్తున్నాడు. ఆ ఊరట ఆయనకి కనబడింది.

"పోన్లేరా, నువ్వైనా బయటపడ్డావు" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. తమ్ముడి జ్వరం తగ్గిందని తెలిసిన మనిషిలా అన్నాడు.

ఆ మధ్యాహ్నమే కొత్త షీటు కోశాను. అది పెద్దది, రెండో చివర ఎవరో ఒకరు పట్టుకోవాలి. అన్నయ్య పట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత నా చెయ్యి ఎక్కడా వణకలేదు, బ్లేడు గీత మీద గీతలా పోయింది. అన్నయ్య చేతులు వణుకుతూ షీటు కదులుతుంటే, "కదలకుండా సరిగ్గా పట్టుకో అన్నయ్యా" అని విసుక్కున్నాను.